అమ్మకు గుర్తున్న బుధవారం

మా అత్తమ్మకు ఒక పట్టింపు ఉంది. ఇంట్లో ఎవరూ ఉత్తరం వైపు తల పెట్టి పడుకోకూడదు. కరీంనగర్‌లో మేం ఇల్లు మారిన ప్రతిసారీ మంచాలు వేయకముందే ఉత్తరం ఎటో అడిగి తెలుసుకుంటుంది. ఈమధ్య తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సెల్‌ఫోన్ తీసి, అందులో తిరిగే దిక్సూచి ముల్లును నానమ్మకు చూపించింది. అత్తమ్మ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎటు తిప్పినా ముల్లు ఒకే దిక్కు చూపుతోంది. ఇంత పలచటి ఫోన్‌లో ఆ ముల్లును ఎక్కడ దాచారని ఆమె అడిగితే, మా ఇద్దరికీ జవాబు తెలియలేదు.

తలదిక్కు పట్టింపులోని నిజానిజాల జోలికి నేను పోను. ఆ ముల్లు సంగతేమిటో చూద్దామని పుస్తకాలు తిరగేస్తే, రెండు వందల ఏళ్ల కిందటి ఒక జర్మన్ పెద్దమనిషి దగ్గర తేలాను. ఆయన పేరు కార్ల్ ఫ్రెడరిక్ గాస్. కాలేజీలో లెక్కలు చదివినవాళ్లంతా ఆ పేరు వినే ఉంటారు. పరీక్ష అయిపోగానే మర్చిపోయి కూడా ఉంటారు! ఆయన జీవితం చదువుతుంటే నాకు మాత్రం లెక్కల కన్నా ముందు ఆయన తల్లి కనిపించింది.

రాయడం రాని తల్లి

బ్రన్స్‌విక్ అనే పట్టణంలో ఒక బీద ఇంట్లో గాస్ పుట్టాడు. తండ్రి గెబ్‌హార్డ్ తాపీపని, తోటపని, ఏది దొరికితే అది చేసి సంసారం ఈడ్చాడు. నిజాయితీపరుడే గానీ మనిషి కరుకు. తల్లి డొరొతియా రాళ్లు చెక్కే పనివాడి కూతురు. పెళ్లికి ముందు ఒకరింట్లో పనిమనిషిగా చేసింది. ఆమెకు రాయడం రాదు. కొడుకు పుట్టిన తేదీ ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆమెకు గుర్తున్నదల్లా ఒక్కటే. ఆ రోజు బుధవారం. క్రైస్తవుల ఆరోహణ పండుగ ఇంకా ఎనిమిది రోజులుందనగా బిడ్డ పుట్టాడు.

మన ఇళ్లలో పెద్దవాళ్ల పుట్టినరోజులు కూడా ఇలాంటివే కదా! బతుకమ్మకు ముందనో, వేములవాడ శివరాత్రి జాతర అయిన వారానికనో, పెద్ద వాన పడిన ఏడనో చెబుతారు. తేదీ చెప్పమంటే నవ్వి ఊరుకుంటారు.

ఆరోహణ పండుగ ఏటా ఒకే తేదీన రాదు. ఈస్టర్ అయిన 39 రోజులకు వస్తుంది. ఈస్టర్ ఏమో మన పండుగల్లాగే చంద్రుణ్ని బట్టి మారుతుంటుంది. గాస్ పెద్దయ్యాక, ఏ ఏడాది ఈస్టర్ ఏ రోజు వస్తుందో చెప్పే లెక్క ఒకటి తయారుచేసి 1800లో ప్రచురించాడు. ఆ లెక్క ప్రకారం 1777లో ఈస్టర్ మార్చి 30న వచ్చింది. ఆరోహణ పండుగ మే 8. దానికి ఎనిమిది రోజుల ముందు బుధవారం అంటే ఏప్రిల్ 30. అలా తల్లి నోటి మాట తేదీ అయింది.

ఒకరికే తెలిసిన గుర్తును అందరికీ అర్థమయ్యే అంకెగా మార్చడం. గాస్ జీవితమంతా చేసిన పని ఒకరకంగా ఇదేననిపిస్తుంది నాకు.

చిన్నప్పుడు బడిలో ఒకటి నుంచి వంద దాకా కూడమంటే, మొదటి అంకెనూ చివరి అంకెనూ జత కలుపుకుంటూ పోయి క్షణాల్లో 5050 అని పలక మీద రాశాడని ఒక కథ చెప్పుకుంటారు. తండ్రికి ఈ తెలివి మీద పెద్ద ఆశ లేదు. కొడుకు కూడా ఏదో ఒక చేతిపని నేర్చుకుని నాలుగు డబ్బులు తెస్తే చాలనుకున్నాడు. తల్లి మాత్రం పట్టు వదల్లేదు. ఆమెకు తోడు నిలిచినవాడు ఆమె తమ్ముడు. మన సిరిసిల్ల నేతన్నల్లాగే ఆయనది మగ్గం పని. ఆ మేనమామ, బడిపంతుళ్లు, చివరికి బ్రన్స్‌విక్ పాలకుడైన డ్యూక్ కూడా కుర్రవాడి చదువుకు అండగా నిలిచారు. డ్యూక్ ఇచ్చిన డబ్బుతోనే 1795లో గాస్ గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

అక్కడి స్నేహితుడు, హంగరీకి చెందిన బొయాయ్ ఒకసారి వాళ్లింటికి వచ్చాడు. గాస్ గదిలో లేని సమయం చూసి తల్లి అతణ్ని మెల్లగా అడిగిందట, తన కొడుకు ఎప్పటికైనా పైకొస్తాడా అని. యూరప్‌లోనే అతణ్ని మించిన గణితజ్ఞుడు ఉండడని బొయాయ్ చెప్పగానే ఆమె కళ్లు నిండిపోయాయి. కొడుకు చేసే పనిలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఏళ్ల తరబడి ఇంట్లో వాదించి గెలిచిన తల్లి ఆమె. ఆ కన్నీళ్లు మనకు తెలియనివి కావు.

1801లో గాస్ పేరు యూరప్ అంతా మారుమోగింది. ఆ ఏడు జనవరి 1న సీరిస్ అనే చిన్న గ్రహాన్ని ఇటలీలో చూశారు. కొన్నాళ్లకే అది సూర్యుడి వెలుగులో పడి కనిపించకుండా పోయింది. కొద్దిపాటి పరిశీలనలు పట్టుకుని అది మళ్లీ ఎక్కడ కనిపిస్తుందో గాస్ లెక్క కట్టాడు. ఏడాది చివర్లో సరిగ్గా ఆ దరిదాపుల్లోనే దొరికింది.

మగ పేరుతో వచ్చిన ఉత్తరాలు

1804లో పారిస్ నుంచి లెబ్లాంక్ అనే పెద్దమనిషి లెక్కల గురించి గాస్‌కు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. అసలు ఆ ఉత్తరాలు రాసింది ఆ పేరు గల మనిషి కాదు. రాసింది సోఫీ జెర్మైన్ అనే యువతి. ఆడపిల్ల రాసిందంటే చదవరేమోనని మగ పేరు పెట్టుకుంది. 1806లో నెపోలియన్ సేనలు గాస్ ఉన్న ఊరిని ఆక్రమించినప్పుడు ఆమె భయపడి, తనకు తెలిసిన ఫ్రెంచి సేనాని ద్వారా ఆయన క్షేమం కనుక్కుంది. దాంతో గుట్టు బయటపడింది. గాస్‌కు కోపం రాలేదు. ఆడవాళ్లకు ఎన్నో అడ్డంకులున్న లోకంలో ఇంత దూరం వచ్చినందుకు ఆమె మీద గౌరవం మరింత పెరిగిందంటూ జవాబు రాశాడు.

ఇంట్లో మాత్రం ఆయనకు సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. 1805లో జొహానాను ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. నాలుగేళ్లకే మూడో కాన్పు తర్వాత ఆమె పోయింది. ఆ పసివాడూ దక్కలేదు. మరుసటి ఏడు ఆమె స్నేహితురాలు మిన్నాను పెళ్లాడాడు. ముగ్గురు పిల్లల్ని కన్న ఆమె చాలాకాలం జబ్బుతో తీసుకుని 1831లో కన్నుమూసింది. ఇక ఇల్లు నడిపే భారమంతా 15 ఏళ్ల చిన్న కూతురు తెరెసా మీద పడింది. కొడుకు యూజీన్ అంతకుముందు ఏడే తండ్రితో గొడవపడి అమెరికా వెళ్లిపోయాడు. అంత గొప్ప లెక్కల మనిషికీ ఇంటి లెక్క అంత తేలిగ్గా కుదరలేదు.

భార్య పోయిన ఆ ఏడాదే విల్హెల్మ్ వెబర్ అనే యువ శాస్త్రజ్ఞుడు గోటింగెన్ వచ్చాడు. గాస్ కన్నా 27 ఏళ్లు చిన్న. ఇద్దరూ కలిసి భూమి అయస్కాంత బలాన్ని కొలిచే పనిలో పడ్డారు. అప్పటికి గాస్ వయసు 54.

సొట్ట పడిన సోల

దారానికి వేలాడే అయస్కాంతపు ముల్లును కాస్త కదిపి వదిలితే, ఊయలలా అటూ ఇటూ ఊగి ఉత్తరం వైపు నిలుస్తుంది. భూమి బలం ఎక్కువుంటే గబగబా ఊగుతుంది, తక్కువైతే నింపాదిగా. గాస్‌కు ముందు శాస్త్రజ్ఞులు ఈ ఊపులు లెక్కపెట్టి ఒక ఊరి బలాన్ని మరో ఊరి బలంతో పోల్చేవాళ్లు. ఇక్కడ ఒక చిక్కుంది. ముల్లుకున్న సొంత బలం కూడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఊపు మందగిస్తే తగ్గింది భూమి బలమా, ముల్లు బలమా?

బియ్యం కొలిచే సోలకు సొట్ట పడితే ఏమవుతుంది? రోజూ అన్నం తక్కువవుతుంటే బియ్యంలో తేడా ఉందో, సోలలో తేడా ఉందో తెలియదు. పైగా మన ఇంటి సోల, పక్కింటి సోల ఒకటి కావు. భూమి విషయంలో లోకమంతా అలాగే ఉండేది. ఎవరి ముల్లు వాళ్లది, ఎవరి కొలత వాళ్లది.

గాస్ రెండు పనులు చేశాడు. ఒక అయస్కాంతాన్ని వేలాడదీసి ఎంత వేగంగా ఊగుతుందో చూశాడు. ఇందులో అయస్కాంతం బలమూ భూమి బలమూ గుణించి ఉంటాయి. తర్వాత అదే అయస్కాంతాన్ని ఇంకో ముల్లు పక్కన పెట్టి, ఆ ముల్లును ఉత్తరం నుంచి ఎంత పక్కకు లాగుతుందో చూశాడు. ఇందులో ఒకటి రెండోదానితో భాగించి ఉంటుంది. రెండు లెక్కలూ కలిపితే అయస్కాంతం సొంత బలం కొట్టివేతకు పోతుంది. మిగిలేది భూమి బలం ఒక్కటే! దాన్ని పొడవు, బరువు, కాలం అనే మూడు మామూలు కొలతల్లోనే చెప్పాడు. 1832 డిసెంబర్‌లో ఈ పద్ధతిని పండితుల ముందు పెట్టాడు. ఆ తర్వాత ఎవరు, ఏ ఊళ్లో, ఏ అయస్కాంతంతో కొలిచినా ఒకే లెక్క.

మరుసటి ఏడు ఈ పని కోసం ప్రత్యేకంగా ఒక చిన్న ఇల్లు కట్టించారు. అందులో ఇనుప మేకు ఒక్కటి కూడా లేదు. ఇనుము దగ్గరుంటే ముల్లు దానివైపు తిరుగుతుంది మరి. మన కరీంనగర్ వెండి తీగపని కుంకుమ భరిణెను ఆ గదిలోకి తీసుకెళ్లినా ఫర్వాలేదు. కొప్పులోని ఇనుప పిన్ను, నడుముకు దోపుకున్న తాళంచెవుల గుత్తి మాత్రం బయట పెట్టాల్సిందే. అయస్కాంతానికి చిన్న అద్దం బిగించి, అందులో కనిపించే స్కేలు అంకెలను దూరం నుంచి దుర్భిణితో చదివేవాళ్లు. వెంట్రుకవాసి కదలిక కూడా తెలిసిపోయేది.

గాస్, వెబర్ అంతటితో ఆగలేదు. వేర్వేరు దేశాల వాళ్లను కూడగట్టారు. ఏడాదిలో కొన్ని రోజులు నిర్ణయించుకుని, అందరూ గోటింగెన్ గడియారం ప్రకారం, ప్రతి అయిదు నిమిషాలకోసారి, 24 గంటల పాటు ముల్లు చూసి అంకెలు రాసేవాళ్లు. దూరదూరపు ఊళ్లలో ముల్లులు ఒకేసారి ఒకేలా వణకడం అలా బయటపడింది. వచ్చిన అంకెలన్నీ కలిపి గాస్ 1839లో ఒక సిద్ధాంతం ప్రకటించాడు. భూమి అయస్కాంత శక్తి దాదాపు అంతా భూమి లోపలి నుంచే వస్తోందని అందులో తేల్చాడు. లోకం మొత్తం మీది ఆ శక్తిని ఆయన 24 సంఖ్యల్లో ఇమిడ్చాడు.

ఆ ఏడే తల్లి పోయింది. 1817లో కొడుకు దగ్గరికి వచ్చిన ఆమె 22 ఏళ్లు అక్కడే ఉంది. చివరి నాలుగేళ్లు చూపు పోతే, దగ్గరుండి ఆమె సేవ చేసింది కొడుకే. తొంభై అయిదు దాటిన వయసులో ఆమె కన్నుమూసింది.

తర్వాతి కాలంలో ఆయన చేసిన ఒక పని మనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయంలో చనిపోయిన ఆచార్యుల భార్యలకు పింఛను ఇచ్చే నిధి ఒకటి ఉండేది. అది నిలుస్తుందా, మునుగుతుందా అని అందరికీ బెంగ. 1845 నుంచి గాస్ కొన్నేళ్లు కూర్చుని ఆ నిధి లెక్కలన్నీ తేల్చాడు. గ్రహాల దారి లెక్క కట్టిన చేతులకు వితంతువుల పింఛను లెక్క చిన్నది అనిపించలేదు.

1855 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున నిద్రలోనే ఆయన పోయాడు. అన్నేళ్లూ తండ్రి వెంటే ఉండిపోయిన తెరెసా ఆ తర్వాతే పెళ్లి చేసుకుంది. సిద్ధాంతాల పుస్తకాల్లో ఆమె పేరు ఉండదు. ఆ సిద్ధాంతాలు తయారైన ఇంట్లో పొయ్యి వెలిగించింది మాత్రం ఆమే.

మన దేశానికి వచ్చిన ముల్లు

గాస్ మొదలుపెట్టిన ఆ కొలతల గొలుసు ఆయన బతికుండగానే మన దేశానికీ వచ్చింది. 1840ల్లో మద్రాసు, తిరువనంతపురం, బొంబాయి కొలాబా, సిమ్లాల్లో అయస్కాంత పరిశీలనలు జరిగాయి. బొంబాయిలో కరెంటు ట్రాములు వస్తున్నాయని తెలిసి, ఆ కరెంటు ముల్లును కదిలిస్తుందని 1904లో సముద్రం అవతల అలీబాగ్‌లో కొత్త వేధశాల పెట్టారు. ఈ పని దగ్గరుండి చేయించింది మూస్ అనే పార్శీ శాస్త్రవేత్త. హైదరాబాద్‌లో 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964లో తన ఆవరణలోనే అయస్కాంత వేధశాల ప్రారంభించింది. తర్వాత చౌటుప్పల్‌లోనూ ఒకటి పెట్టింది. మన తెలంగాణలో భూమి బలం గాస్ పేరు మీదే ఉన్న కొలతలో 0.4కు కాస్త ఎక్కువ. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ అయస్కాంతం బలం దీనికి ఎన్నో రెట్లు!

అయితే నేల మీది వేధశాల తన చుట్టుపక్కల సంగతే చెబుతుంది. నిర్మల్, జగిత్యాల వైపు పూర్వం ఇనుపరాయి కరిగించి ఉక్కు తీసేవాళ్లు. అలాంటి రాయి ఉన్న గుట్ట దగ్గర ముల్లు కాస్త పక్కకు పోతుంది. పైగా సముద్రాల మీద వేధశాలలు కట్టలేం. భూమి మొత్తాన్ని చూడాలంటే పైకి వెళ్లాలి. అందుకే 1979లో అమెరికా మాగ్‌శాట్‌ను పంపింది. డెన్మార్క్ పంపిన అర్‌స్టెడ్ బరువు 60 కిలోలకు కాస్త ఎక్కువ, అంతే. అది బయలుదేరిన రోజు 1999 ఫిబ్రవరి 23. అనుకోకుండా గాస్ పోయిన రోజే. 2013లో యూరప్ దేశాలు స్వార్మ్ పేరుతో మూడు ఉపగ్రహాలను పంపాయి.

ఇప్పుడు ఇంకా చిన్నవి వచ్చాయి. పది సెంటీమీటర్ల చదరపు డబ్బా అంత, కిలో చిల్లర బరువుండే ఉపగ్రహాలను విద్యార్థులు కూడా తయారుచేస్తున్నారు. వాటిలో బియ్యపు గింజంత సెన్సర్లు ఉంటాయి. కొన్నిటిలో నికెల్, ఇనుము కలిసిన పలచటి పొర ఉంటుంది. భూమి అయస్కాంత శక్తి దిక్కు మారితే ఆ పొరలో కరెంటు పారే తీరు మారుతుంది. దాన్ని బట్టి ఉపగ్రహానికి తాను ఎటు తిరిగి ఉన్నదీ తెలుస్తుంది. అత్తమ్మ అడిగిన ప్రశ్నకు జవాబూ ఇదే. ఫోన్‌లో ముల్లు లేదు. ఇలాంటి గింజంత సెన్సరే ఉంది. తెర మీద తిరిగేది బొమ్మ.

కానీ చిన్న డబ్బాలో చిక్కులు పెద్దవి. బ్యాటరీ, తీగలు, సౌరఫలకాలు, అన్నీ సెన్సర్‌కు ఆనుకునే ఉంటాయి. వాటిలో పారే కరెంటు కూడా అయస్కాంతంలాగే పనిచేసి కొలత చెడగొడుతుంది. అర్‌స్టెడ్ ఉపగ్రహంలో అందుకే ఎనిమిది మీటర్ల పొడవైన చెయ్యి చాపి దానికి సెన్సర్ తగిలించారు. బుల్లి ఉపగ్రహంలో అంత చోటేదీ? పొట్టి చెయ్యి పెడతారు, లేదంటే రెండు మూడు చోట్ల సెన్సర్లు పెట్టి, ఏది ఇంటి గోల, ఏది భూమి మాట అని లెక్కలతో విడదీస్తారు. ఇనుప మేకు లేని ఇల్లు కట్టించడం, సోల సొట్టను లెక్కలోంచి తీసేయడం. అప్పుడు గాస్ పడ్డ తంటాలే ఇవీ.

ఈ లెక్కలతో మనకేం పని అనుకోకండి. సూర్యుడి నుంచి వచ్చే తుపాన్లు భూమి అయస్కాంత శక్తిని కుదిపేస్తాయి. 1989 మార్చిలో అలాంటి తుపానుకు కెనడాలోని క్యుబెక్‌లో 60 లక్షల మందికి గంటల తరబడి కరెంటు పోయింది. ఫోన్లలో, విమానాల్లో దిక్కు సరిగ్గా చూపించడానికి వాడే పట్టికను ప్రతి అయిదేళ్లకూ సవరిస్తారు. ఆ పట్టికలోని సంఖ్యల్ని నేటికీ గాస్ గుణకాలనే అంటారు. శాస్త్రజ్ఞులు వాడే అంతర్జాతీయ పట్టికలో ఆయన 24 సంఖ్యలు ఇప్పుడు 195 అయ్యాయి. ఆయన కాలం నుంచి భూమి ప్రధాన అయస్కాంత శక్తి సుమారు 9 శాతం తగ్గిందని కూడా తెలిసింది. ఎలా తెలిసింది? సొట్ట పడని సోలతో ఆయన కొలిచి రాసిపెట్టాడు కాబట్టి. లేకపోతే తగ్గిందా, మన ముల్లే అరిగిందా అని ఇప్పటికీ వాదించుకుంటూ ఉండేవాళ్లం.

ఇదంతా చదివాక ఒక ఆదివారం నేను, మా అమ్మాయి అత్తమ్మను కూర్చోబెట్టి ఆమె పుట్టినరోజు అడిగాం. ఆధార్ కార్డులో చాలామంది పెద్దవాళ్లకు ఉన్నట్టే జనవరి 1 అని ఉంది. అది మేం రాయించిందే. ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి దగ్గర. వాళ్లమ్మ ఎప్పుడూ చెప్పేదట, పోలీసు చర్య అయ్యాక వచ్చిన మొదటి నాగోబా జాతరకు ముందు బుధవారం నాడు పుట్టిందని. ఆమెదీ బుధవారమే!

పోలీసు చర్య 1948 సెప్టెంబర్. కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలయ్యేది పుష్య అమావాస్యకు. మా అమ్మాయి అమావాస్యలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్లింది. 1949లో పుష్య అమావాస్య జనవరి నెలాఖరున వచ్చింది. దానికి ముందు బుధవారం అంటే జనవరి 26. మన గణతంత్ర దినోత్సవానికి సరిగ్గా ఏడాది ముందు.

అత్తమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్లమ్మకు అక్షరం ముక్క రాదని, అయినా ఏదీ తప్పు చెప్పేది కాదని అంది. కార్డులో జనవరి 1 అలాగే ఉంది. వంటింటి క్యాలెండర్‌లో మాత్రం 26 చుట్టూ మా అమ్మాయి ఎర్ర సున్నా చుట్టింది.